పైడిరాజు ఇంకా దిగలేదు

విశాఖపట్నం నుంచి ఢిల్లీకి విమానంలో మూడు గంటల యాభై నిమిషాలు పడుతుంది. ఈ మాట విమానం నడిపేవాళ్ళు నమ్మరు, ఎక్కినవాళ్ళూ నమ్మరు. కాని ఉప్పునేలల అభివృద్ధి శాఖలో పనిచేసే నూట పన్నెండు మందీ నమ్మి తీరాలి. ఎందుకంటే అది శాఖవారి దూర కాల పట్టికలో, ఏడో పేజీలో, నాలుగో వరసలో అచ్చయి ఉంది.

పట్టిక పుట్టి ముప్పై ఏళ్ళయింది. అప్పట్లో డైరెక్టరు గది గోడమీద పెద్ద దేశపటం ఉండేది. దారం ఒక కొస విశాఖపట్నం మీద పెట్టి, రెండో కొస ఢిల్లీ దాకా లాగి కొలిస్తే దూరం తేలిపోతుంది. అయితే పటానికి నట్టనడుమ, రాయపూర్ మీద ఎవరో మేకు కొట్టి క్యాలెండరు తగిలించారు. డైరెక్టరు గదిలో వస్తువు కదపాలంటే డైరెక్టరు అనుమతి కావాలి. డైరెక్టరు సెలవులో ఉన్నారు. పట్టిక సాయంత్రంలోగా పంపాలి. కొలిచే గుమాస్తా బుద్ధిమంతుడు. దారాన్ని క్యాలెండరు చుట్టూ తిప్పి, అహ్మదాబాదు మీదుగా ఢిల్లీ చేర్చి, వచ్చిన దూరాన్ని ఆనాటి పంకా రెక్కల విమానం వేగంతో భాగించాడు. తర్వాత పటం చిరిగిపోయింది, క్యాలెండరు పాతబడింది, గుమాస్తా రిటైరయిపోయాడు. పట్టిక మాత్రం చెక్కు చెదరలేదు.

ఈ సంగతి కెంబూరి పైడిరాజుకు తెలియదు. అతను ఆ శాఖలో సీనియర్ అసిస్టెంటు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఒక్క మెమో ఎరగడు. ఇంకో అయిదు నెలల్లో రిటైరవుతాడు. విమానం ఎప్పుడూ ఎక్కలేదు కాబట్టి ఏడో పేజీతో అతనికి పని పడలేదు.

అతని పనంతా గుల్లలపేట ఫైలు. గుల్లలపేట సముద్రం ఒడ్డు పల్లె. పెద్ద పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు పొలాల్లోకి, బావుల్లోకి వచ్చేస్తాయి. ఆడవాళ్ళు తాగే నీళ్ళకు రెండు మైళ్ళు నడుస్తారు. తమకో కరకట్ట కావాలని ఆ ఊరు పదకొండేళ్ళుగా అడుగుతోంది. అందులో తొమ్మిదేళ్ళు ఫైలు నడిపింది పైడిరాజే. ఆ ఊరి సర్పంచి సూరాడ ఎర్రమ్మ నెలకోసారి ఆఫీసుకొచ్చి అతని బల్ల ముందు నిలబడి, "ఏటి బాబూ, మా కట్ట ఒచ్చినట్టా, రానట్టా?" అని అడిగేది. "దార్లో ఉందమ్మా" అనేవాడు పైడిరాజు. చెప్పిన ప్రతిసారీ అతనికి తల వంగిపోయేది.

చివరికి ఢిల్లీలో మంజూరు సమావేశం పెట్టారు. వెళ్ళవలసిన ఇంజనీరుగారికి కాలు బెణికింది. ఫైలు సంగతి తెలిసినవాడు ఇంకొకడు లేకపోవడంతో పైడిరాజును పంపారు.

విమానం ఉదయం ఏడింటికి లేచింది. పైడిరాజు కళ్ళు మూసుకుని సింహాద్రప్పన్నను తలుచుకున్నాడు. కళ్ళు తెరిచి, ఇచ్చిన కాఫీ తాగి, ఫైలులో బావుల లెక్క మరోసారి చదువుకునేసరికి ఢిల్లీ వచ్చేసింది. టైము తొమ్మిదీ పావు. పది ఇరవైకి సమావేశపు హాజరు పుస్తకంలో సంతకం పెట్టాడు. పదిన్నరకు గుల్లలపేట వంతు వచ్చింది.

"ఆ ఊళ్ళో బావులెన్ని?" అని అడిగాడు ఢిల్లీ అధికారి.

"పదకొండండి. తొమ్మిదింట్లో ఉప్పు దిగిపోయింది."

"మిగతా రెండూ?"

"ఒకటి ఎండిపోయిందండి. రెండోది బడి పిల్లలకి ఉంచారు."

అధికారి మరో ప్రశ్న వెయ్యకుండా కరకట్ట మంజూరు చేశాడు. పైడిరాజు బయటికొచ్చి ఎర్రమ్మకు ఫోను చేశాడు. అవతల ఆమె ఏమందో వినపడలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళ కేకలే వినిపించాయి.

తిరిగొచ్చిన నాలుగో రోజున తనిఖీ విభాగం సూపరింటెండెంటు భానోజీరావు అతన్ని పిలిపించాడు. భానోజీరావు ఆ పట్టికను అట్ట వేయించి, మంచి గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకున్న మనిషి.

"కూర్చో పైడిరాజూ. వద్దు, నిలబడు. ఇది విచారణ. విమానం ఎన్నింటికి లేచింది?"

"ఏడింటికండి."

"పట్టిక ప్రకారం పది యాభైకి దిగాలి. నువ్వు ఢిల్లీలో సంతకం పెట్టింది పది ఇరవైకి. ఆకాశంలో ఉండవలసిన మనిషివి నేలమీద సంతకం ఎలా పెట్టావు?"

"తొమ్మిదీ పావుకే దిగిపోయామండి."

"ఎవరు దిగమన్నారు?"

"విమానం దిగిందండి."

"విమానం దిగితే నువ్వు దిగిపోవడమేనా? ముప్పై మూడేళ్ళ సర్వీసు ఉంది. పైవాళ్ళనొక మాట అడగొద్దా?"

భానోజీరావు ఇచ్చిన మెమోను పైడిరాజు సంతకం చేసి అందుకున్నాడు. ఆ సాయంత్రం మెమో జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. అతని ముఖం చూసి భార్య రవణమ్మ కంగారు పడింది.

"ఏటయ్యింది?"

"మెమో ఇచ్చారే."

"ఒలమ్మో! ఏటి సేసావు?"

"ఢిల్లీకి తొరగా ఎల్లిపోనాను."

రవణమ్మ మెమో అటూ ఇటూ తిప్పి చూసింది. "మీ ఆఫీసుకి రోజూ ఆలీసెంగా ఒచ్చినోలికి లేని మెమో, తొరగా ఎల్లినోడివి నీకేటి?" అంది. అది న్యాయమైన ప్రశ్నే. మర్నాడు సంజాయిషీలో రాద్దామనుకున్నాడుగాని, ఆ భాషలో సంజాయిషీ రాయడం కుదరదు. చివరికి, గాలి అనుకూలించడం వల్ల, విమానం కొత్తది కావడం వల్ల ముందుగా చేరుకున్నామని రాసి ఇచ్చాడు.

వారానికి జవాబొచ్చింది. "సదరు గాలి ఏ అధికారి ఉత్తర్వుల మేరకు అనుకూలించినదో, సదరు ఉత్తర్వుల నకలు ఏల జతపరచలేదో మూడు దినములలో తెలియజేయవలెను."

ఇక లాభం లేదని పైడిరాజు విమాన సంస్థ ఆఫీసుకు వెళ్ళి ధ్రువపత్రం తెచ్చుకున్నాడు. వెళ్ళేటప్పుడు రెండు గంటల పదిహేను నిమిషాలు, వచ్చేటప్పుడు రెండు గంటల అయిదు నిమిషాలు పట్టిందని వాళ్ళు ముద్ర వేసి మరీ ఇచ్చారు. దాంతో అతని పీకల మీదికి అసలు ప్రమాదం వచ్చింది. అప్పటిదాకా వెళ్ళే పేజీలోనే ఉన్న తప్పు ఇప్పుడు వచ్చే పేజీకీ పాకింది. డైరెక్టరు త్రివిక్రమరావుగారు తన అధ్యక్షతన ముగ్గురితో సంఘం వేశారు.

త్రివిక్రమరావుగారు చెడ్డవారు కాదు. ఎవరిమీదా కోప్పడరు. ఏ విషయాన్నయినా ఓపిగ్గా విని, అందులో లేని చిక్కును కూడా బయటికి తీస్తారు.

"పోవడానికి నూట ముప్పై అయిదు నిమిషాలు. రావడానికి నూట పాతిక. అవునా పైడిరాజూ?"

"అవునండి. వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి..."

"గాలిని లాగకు. అది మన శాఖ కాదు. రెండు ఊళ్ళ మధ్య దూరం ఒకటే అయితే కాలం రెండు రకాలుగా ఉండడానికి వీల్లేదు. కాలం రెండు రకాలుగా ఉంది. కాబట్టి?"

"కాబట్టి దూరం మారిందండి" అన్నాడు భానోజీరావు.

"అదీ!" అన్నారు డైరెక్టరు తృప్తిగా.

సంఘం నివేదిక పదహారు పేజీలు వచ్చింది. అందులో ముఖ్యాంశాలు ఇవి. "ఢిల్లీ నగరము సదరు దినములలో పది నిమిషముల మేర విశాఖపట్టణము వైపునకు జరిగియుండవచ్చును. ఈ విషయము కేంద్రమునకు సంబంధించినది గనుక మనము జోక్యము చేసికొనరాదు. ఇక విమానము ప్రైవేటు సంస్థకు చెందినది. అది తన ఇష్టము వచ్చినప్పుడు దిగవచ్చును. ఉద్యోగి ప్రభుత్వమునకు చెందినవాడు. అతడు పట్టిక ప్రకారమే దిగవలెను. కావున పది గంటల యాభై నిమిషముల వరకు శ్రీ పైడిరాజు ఆకాశమునందే ఉన్నట్లు భావింపవలెను."

అంతటితో ఆగినా బాగుండేది. ఆకాశంలో ఉన్న మనిషి సమావేశంలో ఉండడు. సమావేశంలో రాష్ట్రం తరఫున ఎవరూ లేకపోతే మంజూరు చెల్లదు. శాఖ నిజాయితీగా ఆ మాట ఢిల్లీకి రాసేసింది. ఢిల్లీవాళ్ళు అంతకంటే నిజాయితీగా మంజూరు రద్దు చేసి, గుల్లలపేట అంశాన్ని వచ్చే నెల సమావేశంలో పెట్టారు.

ఆ కబురు విని ఎర్రమ్మ వచ్చింది. పైడిరాజు బల్ల ముందు నిలబడింది. ఈసారి ఏమీ అడగలేదు. పైడిరాజే చెప్పాడు, మెమో సంగతి, పట్టిక సంగతి, ఢిల్లీ కదిలిన సంగతి. ఆమె అంతా విని, "ఆ రోజు ఊరంతా పాయసం ఒండుకున్నాం బాబూ" అంది. కొంగు దోపుకుని, "బడి నుయ్యి కూడా ఉప్పదేరిపోనాది. మొన్న పోటుకి" అని వెళ్ళిపోయింది.

పైడిరాజు ఆ పూట అన్నం తినలేదు. మెమో గురించి భయం మొదటిసారి పక్కకు తప్పుకుంది. ఆ చోట కోపం వచ్చి కూర్చుంది. ముప్పై మూడేళ్ళలో దానితో అతనికి పెద్దగా పరిచయం లేదు.

ఇంతలో శాఖ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఇటువంటి పొరపాటు మళ్ళీ జరక్కుండా కొత్త ఏర్పాటు చేసింది. ఢిల్లీలో సమావేశాలు జరిగే భవనంలోనే ఒక గది తీసుకుని, తలుపుకు 'గగన నిరీక్షణ మందిరము' అని బోర్డు కట్టింది. విమానం ముందుగా దిగిపోయినా, ఉద్యోగి తిన్నగా వచ్చి ఆ గదిలో కూర్చుని, మిగిలిన కాలాన్ని ఆకాశంలో పూర్తి చెయ్యాలి. లోపల మూడేసి కుర్చీలు వరసగా వేసి, వాటికి బెల్టులు కుట్టించారు. గోడకు కిటికీ బొమ్మ, అందులో మేఘాలు. నియమావళి తలుపు వెనక అంటించారు. ఫోన్లు ఆపేయాలి. బెల్టు విప్పరాదు. మరుగుదొడ్డికి వెళ్ళవచ్చు, విమానంలో ఉంటుంది గనక. బయటివారితో మాట్లాడరాదు, వాళ్ళు కింద ఉంటారు గనక.

రెండో సమావేశానికి త్రివిక్రమరావుగారు స్వయంగా బయలుదేరారు. నియమం అందరికీ ఒకటేనని లోకానికి తెలియజేయాలని ఆయన కోరిక. వెంట ఫైలు పట్టుకుని పైడిరాజు, పట్టిక పట్టుకుని భానోజీరావు. ఏడింటికి లేచిన విమానం మళ్ళీ తొమ్మిదీ పావుకే దిగిపోయింది. భానోజీరావు దానివంక అసహ్యంగా చూశాడు.

పది గంటలకల్లా ముగ్గురూ గగన మందిరంలో కూర్చుని బెల్టులు పెట్టుకున్నారు. డైరెక్టరుగారికి కిటికీ బొమ్మ పక్క సీటు. భానోజీరావు గడియారం చేత్తో పట్టుకుని, "ప్రస్తుతం గ్వాలియరు దాటుతున్నామండి" అని అప్పుడప్పుడు చెబుతున్నాడు. భవనంలో పనిచేసే మనిషి తలుపు తీసి టీ కావాలా అని అడిగితే ముగ్గురూ బదులివ్వలేదు. నేలమీద ఉన్నవాడితో మాట్లాడకూడదు.

సమావేశం పక్క గదిలోనే. మధ్య గోడ పల్చటి చెక్కది. అక్కడివాళ్ళు దగ్గినా వినిపిస్తోంది. పది ముప్పై అయిదుకు ఢిల్లీ అధికారి గొంతు వినిపించింది.

"తర్వాతి అంశం, గుల్లలపేట కరకట్ట. రాష్ట్రం నుంచి ఎవరొచ్చారు?"

అక్కడ కాగితాలు తిరగేస్తున్నారు.

పైడిరాజు డైరెక్టరువంక చూశాడు. ఆయన మేఘాలు చూస్తున్నారు.

"సార్, మనల్నేనండి."

"వినిపిస్తోంది. ఇంకా పదిహేను నిమిషాలు ప్రయాణం ఉంది."

"అప్పటికి ఎత్తేస్తారండి."

"ఏం చెయ్యగలం పైడిరాజూ? గాలిలో ఉన్నాం."

"రాష్ట్రం నుంచి ఎవరూ రాలేదా?" అని మళ్ళీ వినిపించింది. "రెండోసారి ఇది. శ్రద్ధ లేనట్టుంది. అయితే ఈ అంశాన్ని పూర్తిగా తొలగిస్తూ..."

పైడిరాజు బెల్టు విప్పాడు.

"ఏయ్, కూర్చో!" అన్నాడు భానోజీరావు. "ఎక్కడికి?"

"సమావేశానికండి."

"మతి పోయిందా? ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో ఉన్నావు!"

పైడిరాజు ఫైలు గుండెకు అదుముకుని లేచాడు. నిజంగా అంత ఎత్తులో ఉన్నట్టే ఒకసారి కిందికి తొంగి చూశాడు. రిటైరయ్యేందుకు ఉన్న అయిదు నెలల్లో ఇప్పుడు మూడున్నర నెలలే మిగిలాయి. ఇంతకాలం పైవాడు కూర్చోమంటే కూర్చున్నవాడు.

"దూకేస్తానండి" అన్నాడు.

తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. గోడ ఇవతల ఇద్దరికీ అతని గొంతు వినిపించింది. "ఉన్నామండి! గుల్లలపేట ఉందండి! బావులు పదకొండండి. పదకొండూ పోయాయండి!"

కరకట్ట మంజూరైంది. పది నలభై రెండుకు పైడిరాజు సంతకం పెట్టాడు. పది యాభైకి భానోజీరావు, "దిగామండి" అన్నాడు. త్రివిక్రమరావుగారు బెల్టు విప్పుకుని, ఒళ్ళు విరుచుకుని, ముగిసిపోయిన సమావేశానికి బయలుదేరారు.

తిరుగు విమానం ఎక్కేముందు డైరెక్టరు ఆఫీసుకు ఫోను చేశారు. వాళ్ళు దిగేసరికి పైడిరాజు సస్పెన్షను ఉత్తర్వు విశాఖపట్నంలో టైపవుతోంది. అది డైరెక్టరు బల్లమీదికి వచ్చిన రోజునే పేపర్లో వార్త వచ్చింది. డైరెక్టరు త్రివిక్రమరావుగారు స్వయంగా ఢిల్లీ వెళ్ళి, పదకొండేళ్ళుగా రాని కరకట్ట సాధించుకొచ్చారని. మంత్రిగారు ఫోను చేసి మెచ్చుకున్నారు. ఎర్రమ్మ నలభై మంది ఆడవాళ్ళను తీసుకొచ్చి, డైరెక్టరుగారి మెడలో బంతిపూల దండ వేసి, కాళ్ళకు దణ్ణం పెట్టింది.

దండ మెడలో ఉండగానే ఆయన భానోజీరావును పిలిచారు.

"మంజూరు నిలబడాలి."

"పైడిరాజు ఆకాశంలో ఉన్నాడండి. నిలబడదండి."

"అతను గదిలోంచి నడిచి వెళ్ళాడని రాస్తే నిలబడదు. వెళ్ళేముందు ఏమన్నాడు?"

భానోజీరావు గుర్తు చేసుకున్నాడు. "దూకేస్తానన్నాడండి."

"మనిద్దరం విన్నాం. తర్వాత అతను విమానంలో కనిపించలేదు. కింద సమావేశంలో కనిపించాడు. కాబట్టి?"

భానోజీరావు ముఖం వెలిగిపోయింది. "దూకాడండి!"

"పట్టికకు భంగం లేదు. విమానం పది యాభైకే దిగింది. మనిషి పది నలభైకి దిగాడు. విడిగా."

అయితే అంత ఎత్తునుంచి దూకిన మనిషి సంతకం పెట్టే స్థితిలో ఉన్నాడని రుజువు కావాలి. పైడిరాజును వైద్య పరీక్షకు పంపారు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ శాఖ పంపిన కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసింది.

"ముప్పై అయిదు వేల అడుగులనుంచి పడ్డారా?"

"కుర్చీలోంచి లేచానండి."

బయట యాభై మంది రోగులు వరసలో ఉన్నారు. డాక్టరమ్మ తర్కించే ఓపికలో లేదు. "నొప్పులేమైనా ఉన్నాయా?"

"ఎడమ మోకాలండి."

"ఎప్పటినుంచి?"

"ఆరేళ్ళబట్టండి."

పతనము వలన కొత్త నొప్పులేమియు కలుగలేదని ఆమె రాసిచ్చింది. మెమో, సస్పెన్షను రెండూ రద్దయ్యాయి. పది రోజులకు కొత్త సర్క్యులరు వచ్చింది. "ఇకమీదట అత్యవసర కార్యములపై వెళ్ళు ఉద్యోగులు, పైఅధికారి లిఖితపూర్వక అనుమతితో, గమ్యస్థానము సమీపించిన పిమ్మట దూకవచ్చును. మూడేళ్ళలోపు రిటైరగువారికి ప్రాధాన్యమీయబడును."

జూన్‌లో గుల్లలపేటకు రాళ్ళ లారీలు వచ్చాయి. పైడిరాజు ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళి, ఒడ్డున నిలబడి, రాయి మీద రాయి పడుతుంటే పొద్దుగూకే దాకా చూశాడు. ఎర్రమ్మ పక్కన నిలబడి చూసింది.

పంద్రాగస్టునాడు పెరేడ్ మైదానంలో పైడిరాజును వేదికమీదికి పిలిచారు. రవణమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. భర్త ఫైలు బాగా రాసినందుకు పతకం ఇస్తున్నారని ఆమె అనుకుంటోంది. మైకులో భానోజీరావు ప్రశంసాపత్రం చదివాడు. "రాష్ట్ర ప్రయోజనముల కొరకు, తన ప్రాణములను తృణప్రాయముగా నెంచి, ఎగురుచున్న విమానము నుండి ఢిల్లీ నగరముపై దూకి, సకాలమున సమావేశమునకు హాజరైన సాహసి..."

మైదానమంతా చప్పట్లు కొట్టింది. పోలీసులు సెల్యూట్ చేశారు. పైడిరాజు పతకం పెట్టించుకుని, తల దించుకుని వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. రవణమ్మ రెప్ప వెయ్యకుండా అతనివంకే చూస్తోంది. చెయ్యి పట్టుకుంది.

"ఇమానంలోంచి దూకేసినావా?" అంది సన్నగా. "నాకొక్క ముక్కయినా సెప్పలేదేటి?"

పైడిరాజు నిజం చెబుదామని నోరు తెరిచాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మొదలుపెట్టినా ఆమె నమ్మదు. చెక్క గోడ, కుర్చీకి కుట్టిన బెల్టు, గోడమీద మేఘాలు, ఇవన్నీ ఎవరు నమ్ముతారు? విమానంలోంచి దూకడమే నయం. అది కాస్త నమ్మేలా ఉంది.

"సెప్తే దూకనిచ్చీదానివేటి?" అన్నాడు.

"దూకనిచ్చీదాన్ని కాదు" అంది రవణమ్మ, పమిట కొంగుతో అతని పతకం తుడుస్తూ.